చెమట పట్టిన శ్లాబు

నేను ఒక ఇత్తడి గంగాళాన్ని. ఇద్దరు మనుషులు చెరో కడియం పట్టుకుని "ఊఁ, ఎత్తు" అనుకుంటే తప్ప కదలను. కడుపు నిండా నీళ్ళుంటే నలుగురు కావాలి. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఒక ఇంట్లో నన్ను వానాకాలం పొడుగునా హాల్లోంచి గదిలోకి, గదిలోంచి వంటింటి గుమ్మంలోకి ఊరేగిస్తూనే ఉన్నారు. గుళ్ళో ఉత్సవ విగ్రహానికి కూడా అన్ని ఊరేగింపులు ఉండవు. పాపం, వాళ్ళ నడుముల గురించి తలుచుకుంటే నాకిప్పటికీ జాలే.

నేను పుట్టింది అజ్జరంలో. ఆ ఊళ్ళో కోడి కంటే ముందు సుత్తి కూస్తుంది. కంచరివాళ్ళు నన్ను కొలిమిలో ఎర్రగా కాల్చి, చల్లార్చి, మళ్ళీ కాల్చి, దాగలి దిమ్మ మీద పెట్టి చుట్టూ తిప్పుతూ కొట్టారు. నా ఒంటి నిండా చిన్న చిన్న చొట్టలు కనిపిస్తాయి. చూసినవాళ్ళు వేలితో తడిమి "అబ్బ, ఏం పనితనం!" అంటారు. దెబ్బలు తిన్నదాన్ని గనక వాటికి నేను పెట్టుకున్న పేరు వేరు.

నన్ను మొదట కొన్నది సూరన్న అనే వంటాయన. లోపల కళాయి పూయించి, పెళ్ళిళ్ళలో నాలో పులిహోర కలిపేవాడు. మోచేతుల దాకా పసుపుతో, నోటి నిండా పద్యాలతో, మనిషి మహా హుషారు. వడ్డన మొదలవకముందే ముద్ద తీసి నోట్లో వేసుకుని, "ఉప్పు చూశానంతే" అనేవాడు. ఉప్పు అన్నిసార్లు చూడక్కర్లేదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. తరవాత తేలిగ్గా ఉండే అల్యూమినియం డేగిసాలు వచ్చాయి. సూరన్నకు నడుం నొప్పి వచ్చింది. నన్ను సామాన్ల కొట్టుకు అప్పజెప్పేసి, వెళ్ళేముందు అంచు మీద ఓసారి తట్టి, వెనక్కి చూడకుండా పోయాడు.

ఆ కొట్లో దుమ్ము కొట్టుకుంటూ కూర్చున్న నన్ను బంగారమ్మ అనే పెద్దావిడ వచ్చి గోటితో మీటింది. "టంయ్‌" మన్నాను. "మా రెండో అమ్మాయి సీతారత్నం గృహప్రవేశం. దీన్నే ఇస్తాను" అంది. అలా చినగరువు అనే ఊరు వెళ్ళాను. కాలవ గట్టునే ఇల్లు. కొత్త ఇల్లు. తలుపుల రంగు ఇంకా చేతికి అంటుకుంటోంది.

ఆ ఇంటాయన పేరు పెద్దిరాజు. ఇళ్ళు కట్టే కంట్రాక్టరు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో సగం మేడలు ఆయన కట్టినవే. ఎవరి ఇంట్లో శుభకార్యం జరిగినా వెళ్ళి, అక్షింతలు వేసి, ఆ తరవాత గోడను వేలి కణుపుతో కొట్టి చూసుకునేవాడు. గృహప్రవేశం నాడు వచ్చినవాళ్ళందరినీ హాలు మధ్యలో నిలబెట్టి, పైకి చూపించి, "చూడండి, ఈ శ్లాబు మీద ఏనుగుని నడిపించినా బెదరదు" అన్నాడు.

ఏనుగు నడవలేదు గానీ, వాన నడిచింది.

మొదటి చుక్క పడిన రోజు నాకు బాగా గుర్తు. ఆషాఢం. భార్యాభర్తలు, కూతురు దమయంతి ముగ్గురూ కూర్చుని పెసరట్లు తింటున్నారు. పెద్దిరాజు పెసరట్టు మీద ఒక చుక్క పడింది. ఆయన పైకి చూశాడు. సీతారత్నం పైకి చూసింది. దమయంతి మాత్రం తండ్రి మొహంలోకి చూసింది. కాలేజీలో చదువుకునే పిల్ల. దానికి నవ్వొచ్చిందంటే ఆపడం దాని తరం కాదు, ఎవరి తరమూ కాదు.

"కారుతోందండీ" అంది సీతారత్నం.

"కారడమేంటి? నేను వేసిన శ్లాబు కారుతుందా?" అన్నాడు పెద్దిరాజు, ఆ చుక్కను వేలితో తుడిచేస్తూ. "పైన చల్లగాలి, కింద నీ పొయ్యి వేడి. శ్లాబుకి చెమట పట్టింది. అంతే."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో 'కారడం' అనే మాట నిషేధం. ఎవరన్నా ఆ మాట అంటే ఆయన కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. అందుకని దమయంతి ఆకాశం మబ్బేస్తే చాలు, "నాన్నా, శ్లాబుకి ఉక్కపోస్తున్నట్టుంది. విసనకర్ర ఇమ్మంటావా?" అనేది. సీతారత్నం కొంగు నోట్లో కుక్కుకునేది.

నన్ను తీసుకొచ్చి హాలు నడిమధ్యన పెట్టారు. నాతోబాటు సత్తు గిన్నెలు, స్టీలు బకెట్టు, ఇడ్లీ పాత్ర, ఆఖరికి కాఫీ గ్లాసులు కూడా కొలువు తీరాయి. వాన మొదలైతే చాలు, మా కచేరీ మొదలు. గ్లాసులు టింగుమనేవి, సత్తు గిన్నెలు టకటకమనేవి, నేను ఉండి ఉండి గంభీరంగా "డుంయ్" మనేదాన్ని. ఆ కారు... క్షమించాలి, ఆ చెమటకు ఒక బుద్ధంటూ లేదు. నిన్న పడ్డ చోట ఇవాళ పడేది కాదు. శ్లాబులో ఏ దారిన నడిచేదో, బీరువా మీద పడాల్సింది వెళ్ళి మంచం మీద పడేది. మంచం జరిపితే కుర్చీ మీద పడేది. కుర్చీ జరిపితే, "అయ్యో మీరు లేచారా" అన్నట్టు మళ్ళీ మంచం మీదికే వచ్చేది. ముగ్గురు మనుషులూ ఇంటి సామానంతా పట్టుకుని రంగులరాట్నంలా తిరుగుతుండేవాళ్ళు.

వంటింట్లో గుడ్డ సంచిలో పెట్టిన పెసలకు మొలకలొచ్చాయి. సంచి విప్పితే తెల్లటి తోకలు. సీతారత్నం నడుం మీద చెయ్యేసుకుని మొగుడికేసి చూసింది.

"మొలకలు ఒంటికి మంచివే" అన్నాడాయన.

"బీరువాలో నా పట్టుచీరకి బూజు పట్టింది. అదీ ఒంటికి మంచిదేనా?"

 ఆయన చీర తీసుకెళ్ళి తనే ఎండలో ఆరేశాడు. బూజు మచ్చలను గుడ్డతో తుడుస్తూ చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు పెద్దిరాజు. తప్పు ఒప్పుకోవడం దగ్గర మాత్రం నోరు పెగిలేది కాదు. ఈ జబ్బు నేను చాలామంది మనుషుల్లో చూశాను. సూరన్నైతే పులిహోరలో ఉప్పు ఎక్కువైన రోజు, "సముద్రం దగ్గర కదండీ, ఈ ఊరి గాలే ఉప్పగా ఉంటుంది" అనేవాడు.

అందరూ నవ్వుకుంటూనే ఆ ఏడాది సగం వానలు గడిపేశారు. అప్పుడు ఒక మధ్యాహ్నం జరిగింది ఇది. అన్నాలయ్యాక సీతారత్నం హాల్లో మంచం మీద నడుం వాల్చింది. బయట జోరున వాన. నేను నిండిపోయాను. నా అంచు దాటి నీళ్ళు నేల మీదికి జారుతుంటే, ఆవిడ విసుక్కుంటూ లేచి, చెంబుతో నాలో నీళ్ళు తోడి పెరట్లో పారబోద్దామని నా పక్కన వంగింది. ఆవిడ ఒక్క చెంబు తోడిందో లేదో, వెనక పెద్ద చప్పుడు. మంచం మీద, ఆవిడ తల పెట్టుకున్న దిండు మీద, శ్లాబు పెచ్చు ఊడి పడింది. పళ్ళెమంత పెచ్చు. దిండు చిరిగి దూది పైకి ఎగిరింది.

ఆ దూది మెల్లగా వచ్చి నాలో నీళ్ళ మీద వాలింది. ఆవిడ చెంబు పట్టుకుని అలాగే వంగి ఉండిపోయింది.

దమయంతి పరిగెత్తుకొచ్చి తల్లిని కావలించుకుంది. ఆ పూట ఆ పిల్ల నవ్వలేదు. పనిచోటు నుంచి వచ్చిన పెద్దిరాజు గుమ్మంలోనే ఆగి, పెచ్చును చూశాడు, దిండును చూశాడు, పెళ్ళాం నెత్తి మీద చెయ్యి పెట్టి తడిమి తడిమి చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ క్షణంలో 'కారుతోంది' అని చెబుతాడనుకున్నాను. చెప్పలేదు. నిచ్చెన వేసుకుని, సిమెంటు కలిపి, ఆ గుంట పూడ్చి, మీద సున్నం కొట్టాడు. చీకటి పడేసరికి శ్లాబు పెళ్ళికూతురిలా తెల్లగా ఉంది. సీతారత్నం ఆ పనంతా గోడకానుకుని చూసింది.  ఆవిడ మాట్లాడకపోయేసరికి ఏదో జరగబోతోందని నాకర్థమైంది.

అటు తరవాత కొద్ది రోజులకే సువార్తమ్మ టీచరు గారి కబురొచ్చింది. పక్క ఊళ్ళో ఆడపిల్లల బడి ఆవిడది. పాత బడి పైకప్పు గాలివానకు కూలిపోతే, పిల్లల్ని చర్చి వరండాలో కూర్చోబెట్టి పాఠాలు చెబుతోంది. కొత్త బడి కట్టించాలి. పెద్దిరాజు పేరు ఎవరో చెప్పారు. ఆవిడ కబురేమిటంటే, "మీరు ఊరి వాళ్ళకు కట్టిన ఇళ్ళు చూశాను. మీరు ఉండే ఇల్లు కూడా చూడాలి. ఆదివారం మధ్యాహ్నం వస్తాను."

పెద్దిరాజు ఆ కబురు విని మొదట ఎగిరి గంతేశాడు. తరవాత మెల్లగా తల పైకెత్తి శ్లాబుకేసి చూశాడు.

ఆదివారం పొద్దున ఎండ కాసింది. "చూశావా, దేవుడున్నాడు" అన్నాడు పెద్దిరాజు. గిన్నెలన్నీ మాయమైపోయాయి. గోడ మీది చెమ్మ మరకల ముందు పెద్ద కేలండర్లు వేలాడాయి. ఒక మరకకు కేలండరు చాలక, దమయంతి చీరొకటి తెరలా వేలాడదీశారు. నన్ను మాత్రం కదపలేదు. కొన్నాళ్ళుగా అసలు ధార నా నెత్తి మీదనే.

"దీన్నేం చేద్దాం?" అంది దమయంతి.

పెద్దిరాజు తల గోక్కున్నాడు. "పెద్ద పెద్ద హోటళ్ళలో గుమ్మంలో ఇలాంటి దాంట్లో నీళ్ళు పోసి పూలు వేస్తారు. చూడ్డానికి బాగుంటుంది. పూల మీద చుక్క పడితే చప్పుడు కూడా రాదు."

నా ఒంటిని చింతపండు పెట్టి తోమారు. నీళ్ళు పోసి బంతిపూలు, చామంతులు, గుప్పెడు గులాబీ రేకులు వేశారు. మీకు అబద్ధం చెప్పను, నాకు గర్వం వేసింది. పులిహోర తరవాత అంత పచ్చగా నేనెప్పుడూ లేను. అయితే ఆ అలంకారం ఎందుకో గుర్తొచ్చాక లోపల ఎక్కడో కాస్త గుచ్చుకుంది.

సువార్తమ్మ గారు వచ్చేసరికి ఆకాశం నల్లబడింది. పొడుగాటి మనిషి, తెల్ల చీర, చేతిలో నల్ల గొడుగు. కుర్చీలో నిటారుగా కూర్చుంది. నన్ను చూసి, "ఎంత బాగుందమ్మా ఈ గంగాళం" అంది. దమయంతి పెదవి కొరుక్కుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. సీతారత్నం కాఫీ తెచ్చి ఇచ్చి, పక్కన నిలబడింది.

"ఇళ్ళు కట్టడంలో ముఖ్యమైంది పునాది కాదండి టీచరు గారూ" అని మొదలుపెట్టాడు పెద్దిరాజు. "నమ్మకం. మనిషి మీద నమ్మకం."

ఒక చుక్క నా బంతిపూల మీద పడింది. చప్పుడు రాలేదు. పెద్దిరాజు గొంతు ఇంకాస్త పెంచాడు. బయట వాన పెరిగింది. పూలు నా లోపల ఒకటొకటిగా తలలూపడం మొదలుపెట్టాయి. సువార్తమ్మ గారు ఆ ఊగే పూలకేసి చూస్తోంది. పెద్దిరాజు లేచి ఆవిడకూ నాకూ మధ్య నిలబడ్డాడు. రెండో చుక్క ఆయన బట్టతల మీద పడింది. ఆయన తల దువ్వుకుంటున్నట్టు చేత్తో అలా రాసుకున్నాడు. ఆ తల మీద దువ్వడానికి ఏమీ లేదని టీచరు గారికి కనబడుతూనే ఉంది. మూడోది పడింది, నాలుగోది పడింది, ఆయన దువ్వుతూనే ఉన్నాడు.

"ఉక్కగా ఉందేమో, ఫ్యాను వెయ్యి" అన్నాడు పెళ్ళాంతో, దిక్కుతోచక.

వెయ్యకుండా ఉండాల్సింది. శ్లాబులోంచి దిగిన నీళ్ళు ఫ్యాను రెక్కల మీద ఎప్పటినుంచో నిలిచి ఉన్నాయి. రెక్కలు తిరగడం మొదలుపెట్టగానే హాలంతా పన్నీరు చల్లినట్టయింది. కేలండరు తడిసింది. పెద్దిరాజు చొక్కా తడిసింది. కాఫీ కప్పులో కూడా పడింది. సువార్తమ్మ గారి కళ్ళద్దాల మీద చుక్కలు మెరిశాయి.

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. పక్కన ఉన్న గొడుగు అందుకుంది. ఇంట్లో, కుర్చీలో కూర్చునే, నిదానంగా గొడుగు తెరిచి తల మీద పట్టుకుంది. "ఊఁ, చెప్పండి పెద్దిరాజు గారూ. నమ్మకం అంటున్నారు."

వంటింట్లోంచి ఒక కేక లాంటి నవ్వు వినబడింది. దమయంతి. ఆ పిల్ల గుమ్మం పట్టుకుని కిందికి జారిపోయి, కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుస్తూ నవ్వింది. సీతారత్నం పళ్ళు బిగపట్టింది, కొంగు అడ్డం పెట్టుకుంది, లాభం లేకపోయింది. గొడుగు కింద టీచరు గారి భుజాలు కూడా కదలడం చూశాను. నా కడుపులో పూలు కూడా ఆగలేదు.

నవ్వనిది పెద్దిరాజు ఒక్కడే. "అది... మా శ్లాబుకి కాస్త చెమట..." అన్నాడు.

సీతారత్నం నవ్వు ఠక్కున ఆగిపోయింది. ఫ్యాను ఆపింది. వచ్చి టీచరు గారి ముందు నిలబడింది.

"చెమట కాదమ్మా. కారుతోంది. ఇల్లు కట్టిన కాణ్ణించీ కారుతోంది" అంది. "మా బావగారు పక్క ఊళ్ళో మేడ కడుతున్నారని, ఆయనకంటే ముందు గృహప్రవేశం చెయ్యాలని ఈయన పట్టు. శ్లాబు వేశాక అది గట్టిపడడానికి దాని మీద మడులు కట్టి రోజులకొద్దీ నీళ్ళు నిలపాలి. ఊరందరికీ ఈయన చెప్పే మాటే అది. మా ఇంటి మీద మాత్రం నిలపలేదు. మొన్న పెచ్చూడి నా దిండు మీద పడింది. ఈ గంగాళం నిండిందని లేచాను గనక మీతో మాట్లాడుతున్నాను. లేకపోతే..."

అక్కడ ఆవిడ మొగుడి వైపు తిరిగింది.

"మనం పెద్దవాళ్ళం. మంచం జరుపుకుంటాం. అది బడండీ. పిల్లలు తల వంచుకుని రాసుకుంటూ ఉంటారు. పైకి ఎవరు చూస్తారు?"

 చుక్కలు పడుతూనే ఉన్నాయి. పెద్దిరాజు నా పక్కనే చతికిలబడ్డాడు. ఒక చెయ్యి నా అంచు మీద వేశాడు. 

"కారుతోంది టీచరు గారూ" అన్నాడు చివరికి. ఆ ఇంట్లో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. "మా ఆవిడ తల పగిలిపోయేది. సున్నం కొట్టి ఊరుకున్నాను. ఆ పని నాకివ్వకండి."

 టీచరు గారు గొడుగు మూసి, అటూ ఇటూ ఊపి దులిపి, లేచింది.

"ఇవ్వనని నేను అనలేదు. ముందు ఈ ఇల్లు బాగుచెయ్యండి. మంచి వానలో మళ్ళీ వస్తాను. ఇంట్లో గొడుగు తెరవక్కర్లేకపోతే అప్పుడు మాట్లాడుకుందాం" అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "కాఫీ మాత్రం బాగుందమ్మా. కాస్త నీళ్ళెక్కువయ్యాయంతే" అంది.

దమయంతికి ఆ రోజు అన్నం సహించలేదు. ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా నవ్వు తన్నుకొచ్చేసేది.

మర్నాడు పొద్దున్నే పెద్దిరాజు గునపం పట్టుకుని మేడెక్కాడు. కూలివాళ్ళను పిలవలేదు. ఊరందరికీ కనబడేలా, తన ఇంటి శ్లాబు మీది పూతను తనే గీకడం మొదలుపెట్టాడు. ఊరికి అంతకంటే వినోదం ఏముంటుంది? కాలవ గట్టు మీద జనం చేరారు. కబురు పక్క ఊరికి వెళ్ళింది. సీతారత్నం బావగారు, అంటే పెద్దిరాజు తోడల్లుడు వీరాస్వామి, సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

"ఏం తమ్ముడూ, ఇల్లు కడుతున్నావా, పడగొడుతున్నావా?" అని కింద నుంచి అరిచాడు.

"రెండూనూ అన్నయ్య గారూ! మీకంటే ముందు గృహప్రవేశం చేద్దామని తొందరపడ్డాను. కారిపోతోంది!" అని పైనుంచి అంతకంటే గట్టిగా అరిచాడు పెద్దిరాజు.

వీరాస్వామి నోరు తెరిచి మూశాడు. వెటకారం ఆడడానికి ఊరి నుంచి పది మాటలు సిద్ధం చేసుకుని వచ్చి ఉంటాడు. అవతలివాడే ఒప్పుకుంటే వెటకారానికి చోటెక్కడ? సైకిలుకి స్టాండు వేశాడు. తరవాత కాస్త గొంతు తగ్గించి, "నా మేడ కూడా వంటింటి మూల కారుతోందిలే తమ్ముడూ" అన్నాడు. ఆ మాటకు గట్టు మీద జనం గొల్లుమన్నారు. వీరాస్వామి లుంగీ ఎగ్గట్టి మెట్లెక్కాడు. ఆ తోడల్లుళ్ళిద్దరూ కలిసి పనిచెయ్యడం ఆ ఇంటివాళ్ళెవరూ ఎన్నడూ చూడలేదట. ఒకడు గీకితే ఒకడు ఊడ్చాడు. నెర్రెల్లో సిమెంటు పాలు పోశారు. నీళ్ళు తూము వైపు పరిగెత్తేలా వాటం సరిచేసి కొత్త పూత వేశారు. పోట్లాడుకున్నారు కూడాను. వాటం ఎటుండాలనే దాని మీద మాటామాటా అనుకుని, ఇద్దరూ సీతారత్నాన్ని తీర్పు చెప్పమన్నారు. ఆవిడ చెంబుడు నీళ్ళు ఒంపి, అవి ఎటు పోయాయో చూపించి కిందికి దిగిపోయింది.

పూత ఆరాక నన్ను మేడ మీదికి ఎక్కించారు. ఇద్దరు తోడల్లుళ్ళు, తల్లీకూతుళ్ళు, నాలుగు వైపులా పట్టుకుని, మెట్టుమెట్టుకూ దేవుళ్ళను తలుచుకుంటూ. మడులు కట్టి, నాలోంచి నీళ్ళు తోడి తోడి శ్లాబు మీద నిలిపారు. కాపలా సీతారత్నం. ఆవిడ పొద్దున్నే మేడెక్కి, ఎక్కడన్నా ఒక్క మడి ఆరిందంటే కిందికి చూసి కేకేసేది. "ఏవండీ! మీ శ్లాబుకి దాహం వేస్తోంది!" పెద్దిరాజు భోజనం మధ్యలో లేచి పరిగెత్తుకొచ్చేవాడు. అప్పటిదాకా పైనుంచి పడే నీళ్ళు పట్టడమే నా పని. ఇప్పుడు నా చుట్టూ అంత ఆకాశం, కొబ్బరాకుల మీద ఎండ, కింద కాలవలో బాతులు. నా బతుకులో అంత సంబరం మరి లేదు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది. గాలీ వానా కలిసి కాలవ గట్టును ఊపేస్తుంటే, గొడుగు ఎదురు తిరిగిపోయి, నిలువునా తడిసి, సువార్తమ్మ టీచరు గారు వచ్చింది. దమయంతి తుండు ఇచ్చింది. ఆవిడ తుడుచుకుని, కుర్చీ లాక్కుని, సరిగ్గా ధార పడే చోటు ఎక్కడో గుర్తుపెట్టుకుని మరీ, అక్కడ కూర్చుంది. సీతారత్నం కాఫీ ఇచ్చింది. ఆవిడ కప్పు చేత్తో పట్టుకుని చూస్తూ కూర్చుంది. పెద్దిరాజు గోడకు అతుక్కుపోయాడు. దమయంతి ఊపిరి బిగపట్టింది. మేడ మీంచి దించేసిన నేను పెరటి గుమ్మంలోంచి తొంగి చూస్తున్నాను. బయట వాన వీరంగం వేస్తోంది. లోపల చిన్న చప్పుడు కూడా లేదు.

కప్పు ఖాళీ అయింది. టీచరు గారు దాన్ని కింద పెట్టి, "ఇంకో కప్పు ఇస్తావా అమ్మా? ఈసారి నీళ్ళు కలవలేదు" అంది. తరవాత పెద్దిరాజుకేసి తిరిగింది. "బడి పని మీకే ఇస్తున్నాను. ఒక్క షరతు. శ్లాబు మీద నీళ్ళు నిలిపే పని మీ ఆవిడ చూసుకోవాలి."

పెద్దిరాజు చేతులు జోడించాడు. జోడించిన చేతులు టీచరు గారి వైపు ఉన్నాయి గానీ, చూపు మాత్రం సీతారత్నం వైపు ఉంది.

అలా నేను ఎడ్లబండెక్కి పక్క ఊరు వెళ్ళాను. బడి గోడలు లేవడం చూశాను. శ్లాబు వేసిన రోజు ఇసుక మోసినవాళ్ళకు, కంకర మోసినవాళ్ళకు సీతారత్నం పులిహోర కలిపింది. నాలో నీళ్ళుండడంతో ఆ భాగ్యం నాకు దక్కలేదు. ఆవిడ రోజూ బస్సెక్కి వచ్చేది. బడి పిల్లలు చెంబులు, లోటాలు పట్టుకుని వరసగా నిలబడి, నాలో ముంచి మేడ మీదికి అందించేవాళ్ళు. సగం నీళ్ళు శ్లాబు మీదికి, సగం ఒకరి మీద ఒకరికి. పెద్దిరాజు చూసి, "పిల్లలూ, ఆ శ్లాబు కంటే మీరే ఎక్కువ గట్టిపడేలా ఉన్నారు" అనేవాడు.

బడి తెరిచాక నన్ను తీసుకెళ్ళలేదు. వరండాలోనే ఉంచేశారు. "నీళ్ళు తాగడానికి ఉంటుంది లెండి" అంది సీతారత్నం. వెళ్ళేటప్పుడు పమిట చెంగుతో నా అంచు ఒకసారి తుడిచింది. 

మళ్ళీ ఆషాఢం వచ్చింది. తొలి వాన పడే సూచన కనబడగానే పెద్దిరాజు పని వదిలేసి, పెళ్ళాన్ని, కూతుర్ని వెంటబెట్టుకుని బస్సు దిగి బడికి పరిగెత్తుకొచ్చాడు. పిల్లలు తరగతిలో తల వంచుకుని రాసుకుంటున్నారు. ఆయన చప్పుడు చెయ్యకుండా తలుపు దగ్గర నిలబడి, మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తూ ఉండిపోయాడు. వాన దబదబా కురిసింది. గంట సేపు కురిసింది. శ్లాబు ఎండాకాలంలో ఉన్నట్టే ఉంది. పిల్లలెవరూ పైకి చూడలేదు. రాసుకుంటూనే ఉన్నారు.

ఇంతలో బడి గంట కొట్టారు. పెద్దిరాజు వరండాలోకి వచ్చాడు. నా పక్కన నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత ఏమనుకున్నాడో, చెప్పులు విడిచి, తిన్నగా బడి ఆవరణ మధ్యకు, ఆ వానలోకి నడిచాడు. రెండు చేతులూ చాపి, మొహం పైకెత్తి నిలబడ్డాడు. బట్టతల మీద వాన తైతక్కలాడింది. చూస్తూ చూస్తూ దమయంతి "నాన్నా!" అని కేకేసి తనూ దూకింది. పిల్లలు ఆగుతారా! తలుపులోంచి గుంపుగా బయటికి ఉరికారు. సువార్తమ్మ గారు "పలకలు తడుస్తాయి, పలకలు!" అని ఒకసారి అరిచి, గొడుగు వరండాలో పడేసి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని మెట్లు దిగింది.

"ఏవండీ! ఈ వయసులో ఏంటిది? తడిసి ముద్దయిపోతున్నారు, లోపలికి రండి!" అని వరండా అంచు నుంచి సీతారత్నం కేకలు వేసింది.

"లోపల తడవడానికి వీల్లేదు కదే!" అన్నాడు పెద్దిరాజు, నోట్లో పడుతున్న వానను మింగుతూ, నవ్వుతూ. "అందుకే బయటికొచ్చాను! నువ్వూ రా!"

సీతారత్నం అటూ ఇటూ చూసింది. చెప్పులు విప్పింది. వెళ్ళిపోయింది.

వరండాలో నేనొక్కదాన్నే మిగిలాను, పొడిగా.